తిథి మారిన ఫైలు

ఆ రోజు ఏకాదశి వెళ్ళి ద్వాదశి వచ్చింది పదకొండు గంటల ఏడు నిమిషాలకు, అరవై నాలుగు బిట్ల ప్యాకేజీ తయారై బయటపడింది పదకొండు దాటిన రెండో నిమిషాన, ముప్ఫై రెండు బిట్లది పదకొండూ పన్నెండుకు. ఈ మూడు టైములూ నరసరావుపేట బస్టాండులో బస్సెక్కినప్పటినుంచీ నీరజ బుర్రలో ఒకదాని వెనక ఒకటి తిరుగుతూనే ఉన్నాయి. కండక్టరు ఆధార్ కార్డు చూపించమంటే చూపించింది, సున్నా టిక్కెట్టు చేతిలో పెడితే పుచ్చుకుంది, కిటికీ పక్క సీటు ఖాళీ అయితే జరిగి కూర్చుంది, ఇవన్నీ చేసింది తనేనా అంటే తనే, గుర్తుండేలా మాత్రం ఏదీ చేయలేదు. ఇప్పుడు బస్సు పిడుగురాళ్ళలో ఆగి ఉంది. సున్నపు బట్టీల దుమ్ము కిటికీ ఊచల మీద, సీటు రెగ్జిన్ మీద, ముందు సీట్లో కునుకు తీస్తున్న ముసలాయన కండువా మీద కూడా సన్నగా పరుచుకుని ఉంది. టైము పదిన్నర. పన్నెండింటికి గురజాలలో, సాయిబాబు రక్తపరీక్షల ల్యాబులో, పంచాయితీ. ఆ ల్యాబులో రిపోర్టులు తీసే సాఫ్ట్‌వేరు నీరజ ఓనరు గోపాలకృష్ణయ్యది, ఆ రిపోర్టును నమ్మి చావు దాకా వెళ్ళొచ్చినవాడు గంగయ్య, అతని తరఫున వచ్చేది పెళ్ళాం మంగమ్మ, ఇంతమంది కూర్చుని తేల్చబోయేది ఒక్కటే: తప్పు నజీమాది, ల్యాబులు తిరిగి సాఫ్ట్‌వేరు ఎక్కించే ఆ పిల్లది, తను ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి, పెట్టి ఉద్యోగం వదిలి పోవాలి. అందుకు కావలసిన కాయితం నీరజ హ్యాండ్‌బ్యాగులో ఉంది. నీరజే రాసింది, నిన్న సాయంత్రం, ఒక పేజీకి మించకుండా.

కాయితంలో అబద్ధం ఒక్కటి కూడా లేదు. ఫైళ్ళు ఒకదానితో ఒకటి పొసగడం లేదని కంప్యూటరు హెచ్చరించినా ఇన్‌స్టాల్ చేసిన ఉద్యోగి ఆ హెచ్చరికను పక్కనపెట్టి బలవంతంగా ఎక్కించడం వల్ల, అని రాసింది, నిజమేగా, కంప్యూటరు హెచ్చరించింది, నజీమా పక్కనపెట్టింది, బలవంతంగా ఎక్కించింది. పక్కనపెట్టమని చెప్పిందెవరో ఆ వాక్యంలో లేదు. వాక్యం అలా కుదిరింది. కుదరడమేమిటి నీ మొహం, కుదిర్చింది, మూడుసార్లు కొట్టేసి నాలుగోసారి కుదిర్చింది, కుదిరాక ఇంకోసారి చదువుకుని బాగుందనుకుంది కూడాను.

చుట్టాలెవరైనా నువ్వు చేసే పని ఏందమ్మా అని అడిగితే కంప్యూటర్లో మూటలు కడతానని చెబుతుంది నీరజ, వాళ్ళు నవ్వుతారు, నవ్వనీ, అంతకన్నా సరిగ్గా చెప్పడం ఆమెకూ చేతకాదు. ఇంకెవరో రాసిన ప్రోగ్రాముల్ని ఏ ఫైలు ఎక్కడ ఉండాలో చూసి మూటగట్టి పంపిస్తే అక్కడి కంప్యూటరు విప్పుకుని సర్దుకుంటుంది, ఆ మూటే ప్యాకేజీ. సాయిబాబు ల్యాబులో రక్తకణాలు లెక్కపెట్టే మిషను పాతది, దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, దానితో మాట్లాడే ప్రోగ్రాము ముప్ఫై రెండు బిట్ల కాలం నాటిది, ఇక కొత్తది రాదు, రాసేవాళ్ళు లేరు. రిపోర్టు అచ్చువేసే ప్రోగ్రాము కొత్తది, అరవై నాలుగు బిట్లది. రెండూ ఒకే కంప్యూటర్లో కాపురం ఉండాలి. ఉండొచ్చు, ఏర్పాటుంది, ఒకే ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళ మాదిరి ఎవరి గది వాళ్ళకి, ఎవరి సామాను వాళ్ళకి. పేచీ అంతా వంటింట్లో ఉప్పు డబ్బా దగ్గర. రెండు ప్యాకేజీలకూ కావలసిన ఫైలు ఒకటి ఉంటుంది, ఏ పరీక్షకు ఏ అంకె హద్దో రాసిన పట్టిక, అదే పేరు, అదే చోటు, రెండూ దాన్ని వెంట తెస్తాయి. అక్షరం పొల్లుపోకుండా రెండూ ఒకేలా ఉంటే కంప్యూటరు కిక్కురుమనదు, ఒకటి ఉంచుకుని ఊరుకుంటుంది. ఒక్క అక్షరం తేడా వచ్చిందా, రెండో ప్యాకేజీని గుమ్మం ఎక్కనివ్వదు. ఏ ఫైలు దగ్గర తగువో చెబుతుంది, తగువు దేనికో మాత్రం చెప్పదు, అది మనుషులు చూసుకోవాలి. చూసుకోవడానికి పట్టేది ఒక్క నిమిషం.

బస్సు కదిలింది. బస్సు కదిలితే నయం, గాలి వస్తుంది, గాలికి దుమ్ము లేచిపోతుంది. రోడ్డు పక్కన ముగ్గురాయి లారీలు వరసగా నిలబడి ఉన్నాయి, గంగయ్య రాళ్ళు కొట్టే క్వారీ ఇటువైపే ఎక్కడో ఉందని సాయిబాబు ఫోన్లో చెప్పాడు. గంగయ్యను నీరజ ఎప్పుడూ చూడలేదు. చూసింది రిపోర్టునే, వాట్సాప్‌లో ఫొటో, మడతపెట్టిన గుర్తు మధ్యలో అడ్డంగా, ఒక మూల పసుపు మరక, గంగయ్య, మగ, యాభై రెండు, ప్లేట్‌లెట్లు నలభై రెండు వేలు. ఈ పల్నాట్లో జ్వరాల కాలం వస్తే బడిపిల్లలక్కూడా తెలుసు ప్లేట్‌లెట్లు లక్షన్నరకు తగ్గకూడదని. తగ్గితే రిపోర్టులో ఆ అంకె పక్కన నక్షత్రం గుర్తు పడుతుంది. ఊరి ఆర్.ఎం.పి. చూసేది ఆ నక్షత్రాన్నే, సాయంత్రం పూట ముప్పైమంది బెంచీ మీద కూర్చుని మూలుగుతుంటే అంకెలు ఎవడు చదువుతాడు, నక్షత్రం ఉంటే గుంటూరు పొమ్మంటాడు, లేకుంటే సూది వేసి ఇంటికి పొమ్మంటాడు. గంగయ్య రిపోర్టులో నక్షత్రం లేదు. సూది వేయించుకుని ఇంటికి పోయాడు, మర్నాడు పనికి కూడా పోయాడట, మూడోరోజు పొద్దున పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళనుంచి రక్తం ఆగలేదట. పదకొండు రోజులుగా గుంటూరు ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రాణం దక్కింది. రేపో మాపో ఇంటికి పంపుతారు. ఈ మాట తెలిసిన రోజు నీరజ వంటింట్లో ఒక్కతీ నిలబడి ఏడ్చింది, ఏడ్చి మొహం కడుక్కుంది, కడుక్కుంటూ మొదట అనుకున్న మాట, హమ్మయ్య, కేసు అంత పెద్దది కాదు. అలా అనుకున్నందుకు సిగ్గేసింది. సిగ్గేసినా అనుకోవడం మానలేదు.

ఎక్కడ మొదలైందంటే తిథి దగ్గరే మొదలైంది. గోపాలకృష్ణయ్య ఈ వ్యాపారంలోకి రాకముందు ల్యాబులకు సీసాలూ రసాయనాలూ అమ్మేవాడు, ఏ కాయితం మొదలుపెట్టినా పైన శ్రీకారం చుట్టి తిథీ వారమూ రాయనిదే కలం కదపడు, ఆరేళ్ళ కిందట నీరజను పిలిచి, మన ఫైళ్ళన్నిటికీ పైన తిథి పడాలమ్మాయ్, అన్నాడు. కంప్యూటరు ఫైళ్ళక్కూడానా సార్ అంటే, అదేం పాపం చేసింది అన్నాడు. నీరజ నవ్వుకుంది, నవ్వుకుని ఊరుకుందా, పంచాంగం చూసి ఆ నిమిషానికి నడిచే తిథిని పట్టిక ఫైలు మొదటి లైనులో దానంతటదే పెట్టే చిన్న ప్రోగ్రాము రాసింది, రాసి చూపిస్తే గోపాలకృష్ణయ్య మురిసిపోయి ఆఫీసులో అందరికీ పూతరేకులు పంచాడు. నీరజా మురిసింది, ఉన్నమాట ఎందుకు దాచడం. రెండు ప్యాకేజీలూ పది నిమిషాల తేడాలో తయారవుతాయి, తిథి మారేది రోజుకొకసారి, ఆ పది నిమిషాల్లోనే మారే యోగం ఎప్పుడో గాని పట్టదు. ఆరేళ్ళలో నాలుగుసార్లు పట్టింది. నాలుగుసార్లూ ఒక పట్టిక మీద ఒక తిథి, రెండోదాని మీద మరో తిథి, నాలుగుసార్లూ కంప్యూటరు మొరాయించింది, నాలుగుసార్లూ నీరజ విప్పి చూస్తే ఆ ఒక్క లైనే తేడా, ఓస్ ఇంతేగా అని, బలవంతంగా ఎక్కించే ఆజ్ఞ ఒకటుందిగా, ఫోర్స్, దానితో ఎక్కించేయమంది. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే కొంప ముంచింది.

అయిదోసారి చూడలేదు. గంజి వారుస్తోంది, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఉంది, నజీమా గొంతు గురజాలనుంచి, "అక్కా, కాన్‌ఫ్లిక్ట్ అంటంది, పట్టిక ఫైలు కాడ." ఎన్నింటికి కట్టిన ప్యాకేజీలు అంటే చెప్పింది, నీరజ గోడ మీది క్యాలెండరు వైపు చూసింది, పదకొండూ ఏడు, ద్వాదశి, ఇంకేం, తిథి. "ఒకసారి తేడా చూస్తారా అక్కా?" అని అడిగింది ఆ పిల్ల. అడిగింది. ఆ మాట నీరజ ఎన్నిసార్లు చెరిపేసుకుందామన్నా పోవడం లేదు, చూస్తారా అక్కా అని వినయంగా, చూడండి అని కూడా అనకుండా. "ఉత్త తిథి తేడాలే నజీమా, ఇక్కడ అన్నం మెత్తబడి పోతోంది, ఎక్కించెయ్." "ఫోర్సా అక్కా?" "ఆఁ, ఫోర్సే." "మీరు చెబితే చేస్తానక్కా." నలభై సెకన్ల ఫోను.

తేడా తిథి ఒక్కటే కాదు. ఈ విడత పంపడానికి పట్టికను తిరగరాసినప్పుడు ప్లేట్‌లెట్ల హద్దు లక్షన్నర ఉండాల్సిన చోట ఒక సున్నా తక్కువ పడి పదిహేను వేలని ఉండేది, నీరజే కనిపెట్టి, ఏ ల్యాబుకూ చేరకముందే దిద్దింది. దిద్దింది అరవై నాలుగు బిట్ల దానికి. ముప్ఫై రెండు బిట్లది కట్టే పాత కంప్యూటరును ఆ నెలే మార్చారు, కొత్తగా పెట్టినదానిలోకి ఫైళ్ళు తెచ్చేటప్పుడు దిద్దకముందు తీసిపెట్టిన నకలులోంచి తెచ్చింది, తెచ్చింది కూడా నీరజే, ఇంకెవరున్నారు. ఈ విడత మూటలు మొదట వెళ్ళింది గురజాలకే, అక్కడ అరవై నాలుగు బిట్లది ముందే ఎక్కి ఉంది, మంచి పట్టికతో. దాని మీదకు బలవంతంగా ముప్ఫై రెండు బిట్లది ఎక్కింది, తన పట్టికను అదే చోట పరిచింది, చివర వచ్చినవాడిదే రాజ్యం. తొమ్మిది రోజులు ఆ ల్యాబులో పదిహేను వేలు దాటిన ప్రతివాడూ ఆరోగ్యవంతుడే. ఆ తొమ్మిది రోజుల్లో వెళ్ళిన రిపోర్టులు అన్నీ తిరగేసింది నీరజ, అరవై ఒకటి, నక్షత్రం పడాల్సి ఉండి పడనిది ఒక్కటే. ఒక్కటే అని ఎవరితో చెప్పుకుంటుంది, ఆ ఒక్కడికీ పెళ్ళాం ఉంది.

కంప్యూటరు అన్నీ రాసిపెట్టుకుంటుంది, ఏ రోజు, ఏ నిమిషం, ఎవరి లాగిన్, ఏ ఆజ్ఞ. అందులో ఉన్నది నజీమా పేరు. ఫోన్లో చెప్పినవాళ్ళ పేరు రాసుకునే కంప్యూటరు ఇంకా పుట్టలేదు. రాత్రి హర్ష అదే అన్నాడు. హర్ష ఆమె మొగుడు, డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతాడు, చెడ్డవాడు కాదు, చపాతీ తుంచుకుంటూ నెమ్మదిగా అన్నాడు, "నువ్వు చెప్పినట్టు ఎక్కడా లేదు గదా. అడిగితే చెప్పు, అడక్కపోతే నీకెందుకు? ఆ పిల్లకి చిన్న వయసు, ఇంకోచోట దొరుకుద్ది." నీరజ అతని మాట తప్పని అనలేదు. నిజంగా దొరుకుతుందా. ల్యాబు రిపోర్టు పాడుచేసి మనిషిని ఆసుపత్రి పాలు చేసిందని సంతకం పెట్టిన పిల్లకు మాచర్లలో ఎవడిస్తాడు, పిడుగురాళ్ళలో ఎవడిస్తాడు, ఈ చుట్టుపక్కల ల్యాబులన్నీ ఒకరికొకరు తెలిసినవే. ఇరవై ఏడేళ్ళు ఆ పిల్లకి. మాచవరంలో తల్లితో ఉంటుంది, స్కూటీ మీద తిరుగుతుంది, హెచ్చరిక ఏది వచ్చినా ముందు పైకి చదువుతుంది, ఇంగ్లీషు ముక్కలు ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ, మొదట్లో నీరజకు విసుగొచ్చేది, చదవకుండా ఫొటో పంపొచ్చుగా అనేది, చదివితే నాకు గుర్తుంటదక్కా అనేది.

రైలు గేటు పడింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు, ఆపగానే బస్సులో మాటలన్నీ ఒక్కసారి పెద్దవైపోయాయి, వెనక సీట్లో ఇద్దరు పత్తికి కొట్టే మందు గురించి, ఏ షాపువాడు అంటగట్టాడు, పురుగు చావకపోగా ఆకు ఎట్టా మాడింది, మధ్యలో ఒకావిడ ఫోన్లో ఎవరినో, "ఏమే, గేదెకి కుడితి పెట్టావా" అని నాలుగోసారి. గేటుకు అవతల మిరప చేలు, మొక్కలు మోకాలెత్తుకొచ్చాయి, ఆడవాళ్ళు వరసగా వంగి కలుపు తీస్తున్నారు, వాళ్ళు బస్సువైపు చూడరు, రోజూ చూసేదేగా. రొంపిచెర్లలో నీరజ వాళ్ళకూ ఉండేది ఇలాంటి చేను, బోరు, స్టార్టరు పెట్టె. పదకొండేళ్ళప్పుడు వేసవి సెలవుల్లో ఆడుకుంటూ ఆ పెట్టె మూత తీసి పచ్చ మీట నొక్కింది, కరెంటు రెండు ఫేజులే వస్తోందని పెద్దవాళ్ళు ఆపి ఉంచారు, ఆమెకేం తెలుసు, మోటారు మూలిగి మూలిగి కాలిపోయింది, ఆ కాలిన వాసన. నాన్నకు తెలుసు ఎవరు నొక్కారో. తెలిసే, బాబాయిలూ ఊళ్ళోవాళ్ళూ గుమిగూడి అడుగుతుంటే, సైదులు నొక్కి ఉంటాడు, అన్నాడు. సైదులు చేలో నీళ్ళు కట్టేవాడు. ఏరా అంటే, "అవునయ్యా, నేనే చూసుకోలా," అన్నాడు. అనేశాడు, అంత తేలిగ్గా. అని నీరజ వైపు చూశాడా అంటే చూడలేదు, అసలు చూడలేదు, దానికీ దీనికీ సంబంధం లేదు, ఇరవై అయిదేళ్ళు అయిపోయింది, సైదులు ఎక్కడున్నాడో కూడా తెలియదు. ఆ పూట ఇంట్లో చేపల పులుసు, నీరజ రెండుసార్లు వడ్డించుకుని తింది. రుచిగానే ఉంది. అదీ ఆమెకు గుర్తు.

రైలు ఇంకా రాలేదు. నీరజ ఫోను తీసి నజీమా పేరు దాకా వెళ్ళింది, ఆకుపచ్చ గుర్తు మీద వేలు ఆనించకుండా ఉంచింది, ఏమని మాట్లాడాలి, నేనొస్తున్నానని చెప్పనా, దేనికి వస్తున్నానని అడిగితే. ఈ పదకొండు రోజుల్లో ఆ పిల్ల ఫోను చేయలేదు, మెసేజీ పెట్టలేదు, ఎవరితోనూ నీరజక్క చెప్పిందని అనలేదు, అని ఉంటే గోపాలకృష్ణయ్య ఈపాటికి అడిగేవాడు. ఎందుకు అనలేదు? భయమా? అన్నా నమ్మరనా? నీరజే చెబుతుందిలే అని ఎదురుచూస్తోందా? ఈ చివరిది తలుచుకుంటే మాత్రం కోపం వచ్చింది, నజీమా మీదే, నోరు విప్పి ఒక్క మాట చెప్పి ఉంటే ఈపాటికి తిట్లు తిని, ఏడ్చి, ఏదో ఒకటి తేలిపోయేది, ఇప్పుడు అంతా తెచ్చి తన ఒళ్ళో పెట్టి కూర్చుంది. ఎంత అన్యాయపు కోపమో తెలుస్తూనే ఉంది. రైలు వచ్చింది, పెద్ద చప్పుడు చేసుకుంటూ, ఒట్టి గూడ్సు, సిమెంటు రైలు, ఎన్ని పెట్టెలో లెక్కపెడదామనుకుని పన్నెండు దగ్గర వదిలేసింది.

దీనికి మందు ఎప్పటినుంచో తెలుసు, అదే మరీ ఏడిపించే సంగతి. రెండు ప్యాకేజీలూ ఒకే ఫైలును తేవడం మొదటినుంచీ తప్పు. ఆ పట్టికను రెంటిలోంచీ పీకి మూడో ప్యాకేజీలో పెట్టాలి, దానికి బిట్లు లేవు, పాతదీ కాదు కొత్తదీ కాదు, ఒకటే పట్టిక, ఒకే చేత్తో దిద్దేది, మిగతా రెండూ దాన్ని అడిగి వాడుకోవాలి. తిథి లైను అసలే ఉండకూడదు, ఎప్పుడు కట్టినా అదే ఫైలు రావాలి. ఈ పని నేర్చుకునేవాళ్ళకు మొదటి నెలలో చెప్పే మాటలివి. ఆరేళ్ళుగా రేపు చేద్దాం ఎల్లుండి చేద్దాం అనుకుంటూనే ఉంది, తిథి తీసేస్తే ఓనరు చిన్నబుచ్చుకుంటాడని ఒక వంక, నడుస్తోందిగా అని ఒక వంక. మొన్న కూర్చుని చేస్తే పావుగంట పట్టింది. పావుగంట! చేసి, నలభై ల్యాబులకూ పంపించి, ఒక్కచోట కూడా పేచీ రాకపోతే తెరకేసి అలా చూస్తూ ఉండిపోయింది, చేయి పెట్టి కొట్టాలనిపించింది, కంప్యూటరునో తననో.

గేటు లేచింది. చెబుతాను, అనుకుంది నీరజ, ఎక్కడ అనుకుందంటే గేటు దాటిన కుదుపులో, పెద్దగా ఏమీ ఆలోచించి కాదు. లోపలికి వెళ్ళగానే చెబుతాను, కూర్చోకముందే, కూర్చుంటే చెప్పలేను. సార్, ఫోర్స్ చేయమన్నది నేను. ఇంతే, దీనికి ముందు మాట వద్దు, అసలేం జరిగిందంటే అని మొదలుపెడితే తిథి దగ్గరకు పోతుంది, తిథి అంటే ఓనరు తన మీదకు తీసుకుని లేస్తాడు, వద్దు. గురజాల బస్టాండులో దిగేదాకా ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకుని కూర్చుంది, ఆటోలో కూడా.

ల్యాబు మేడ మీద. మెట్ల కింద నజీమా స్కూటీ లేదు. ఇంకా రాలేదనుకుని మెట్లెక్కింది నీరజ, పైన గోపాలకృష్ణయ్య, సాయిబాబు టీ తాగుతున్నారు, గోడవార బెంచీ మీద ఒకావిడ ఆసుపత్రి సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది, కళ్ళు వాచి, చెప్పకపోయినా తెలుస్తుంది మంగమ్మని.

"రామ్మా, నీకే ఫోన్ చేద్దామనుకుంటున్నా," అన్నాడు గోపాలకృష్ణయ్య, "ఈమెకి గుంటూరు పోవాల్సిన పనుందంటే పదింటికే కూర్చున్నాం. ఐపోయింది. ఆ పిల్ల సంతకం పెట్టి వెళ్ళింది. నీ కాయితం గూడా అక్కర్లేకపోయింది, టీ తాగు."

అయిపోయింది. ఎవరూ ఏమీ అడగరు. నీరజ అనుకున్న వాక్యం నోటిదాకా వచ్చి, వినేవాళ్ళు లేక ఆగిపోయింది. టీ తాగి, గంటలో బస్సెక్కి, మధ్యాహ్నం మూడుకల్లా ఇంట్లో ఉండొచ్చు. టీ గ్లాసు చేతికిచ్చారు, వేడిగా ఉంది, పట్టుకునే ఉంది. ఒక్క క్షణం, ఎంత సుఖంగా ఉందో, ఒళ్ళంతా వదులైంది. ఆ సుఖం చూసే భయమేసింది ఆమెకు, దేనికీ వేయనంత భయం.

గ్లాసు కింద పెట్టింది. ఓనరు వైపు కాదు, మంగమ్మ వైపు తిరిగింది. "అమ్మా, ఆ అమ్మాయిది తప్పు కాదు. బలవంతంగా ఎక్కించమని ఫోన్లో చెప్పింది నేను. ఒకసారి చూస్తారా అని తను అడిగింది. నేను చూడలేదు. పట్టికలో తప్పు కూడా నాదే."

"అమ్మాయ్!" అన్నాడు గోపాలకృష్ణయ్య. "సంతకాలు ఐనయ్. ఐపోయినదాన్ని ఇప్పుడు కెలకమాక. నువ్వు లేకుండా నలభై ల్యాబులు ఎట్టా నడుస్తయ్? కాస్త ఆలోచించి మాటాడు."

"రాసిస్తాను సార్," అంది నీరజ. "నజీమా రాసింది తీసేయండి, నేను రాసిస్తాను."

మంగమ్మకు ఎక్కించడమంటే ఏమిటో, పట్టిక అంటే ఏమిటో తెలియకపోవచ్చు, కానీ ఎవరు అడిగారో ఎవరు చూడలేదో తెలిసింది, ఆ తెలియడం ఆమె మొహంలో నెమ్మదిగా కనబడింది.

"మరి ఆ పిల్ల చెప్పదేంది?" అంది, బొంగురుపోయిన గొంతుతో. "గంటసేపు తిట్టానే. నోటికి ఎంతొస్తే అంత తిట్టా. వాళ్ళమ్మని గూడా అన్నా. ఇక్కడే నిలబడింది, ఇదుగో ఈడ్నే, ఒక్క మాటంటే ఒక్క మాట అన్లా. నీ పేరు చెప్పొచ్చుగా?"

"చెప్పలేదమ్మా," అంది నీరజ. ఎందుకో ఆమెకూ తెలియదు, తెలిసినట్టు చెప్పడానికి నోరు రాలేదు.

మంగమ్మ లేచింది. లేచి సంచీ భుజానికి తగిలించుకుంది, చెప్పుల కోసం కాళ్ళతో వెతుక్కుంది. "ఏ ఊరు దానిది?"

"మాచవరం."

"గుంటూరు పోవాలన్నా పిడుగురాళ్ళ మీద నుంచే గదా. ఆడ దిగి పోదాం పద. నువ్వూ రా. నువ్వు చెప్పుకునేది నువ్వు చెప్పుకో, నేను చెప్పేది నేను చెప్పుకుంటా." మెట్ల దాకా వెళ్ళి, నీరజ కదలకపోవడం చూసి వెనక్కి తిరిగింది. తిడుతుందనుకుంది నీరజ, తిట్టమనే నిలబడింది, తల వంచుకుని, చేతులు ఏం చేసుకోవాలో తెలియక.

"రామ్మాయ్," అంది మంగమ్మ, గొంతు సగమే పెగులుతోంది, "నిన్ను తిట్టటానికి నా కాడ ఏం మిగల్లా. అన్నీ ఆ పిల్లకే పెట్టేశా."